స్ట్రాలో దూరిన ఆవకాయ అన్నం

ఆ రోజుల్లో నాకు చదువు వల్ల అబ్బిన గుణం ఒక్కటే. ఏ వస్తువు కొనాలన్నా దాన్ని గురించి లోకంలో ఉన్న సమాచారమంతా తెలుసుకున్నాకే కొనాలి. తెలుసుకోవడం పూర్తయ్యేలోగా ఆ వస్తువుతో అవసరం తీరిపోయేది, లేదా నాకే దానిమీద విరక్తి పుట్టేది. చెప్పుల జత కోసం వానాకాలం మొదట్లో బయల్దేరి, చలికాలంలో పాత చెప్పులకే కుట్టు వేయించుకుని తిరిగొచ్చిన చరిత్ర నాది. దీన్నే నేను జాగ్రత్త అనుకునేవాణ్ణి. మా అమ్మ దీనికి వేరే పేరు పెట్టింది గానీ అది అచ్చులో బాగుండదు. అలాంటివాడి చేతిలో ఒక వేసవిలో మా నాన్నగారి ఆకలి పడింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు మా ఇంట్లో నవ్వినవాళ్ళు ఎవరూ లేరు.

మా నాన్నగారు పురోహితులు. ఏలూరులో మా పేటలో పెళ్ళిళ్ళూ, పెదపాడు వైపు గృహప్రవేశాలూ, కొల్లేటి లంకల్లో చెరువుల పూజలూ అన్నీ ఆయన చేతిమీదుగానే జరిగేవి (జన్మలో చేప ముట్టని మనిషి చేపపిల్లలు బాగా పెరగాలని ఎన్ని కొబ్బరికాయలు కొట్టారో లెక్కలేదు). ఆయన గొంతు వీధి చివరికి వినపడేది. ఫోను మోగితే చాలు, అవతలి నుంచి "పంతులుగారూ, ఫలానా రోజు బండి కొనచ్చాండీ?" అని. ఆయన దగ్గర అన్నిటికీ సమాధానం ఉండేది. మంగళవారం కొత్త వస్తువు వద్దు. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికి వెళ్ళకూడదు. శనివారం ఇనుము గడప తొక్కకూడదు. అమావాస్య సంగతి అసలు అడగనే వద్దు. మా ఇంట్లో గోళ్ళు తీసుకోవాలన్నా పంచాంగం అనుమతి ఉండాల్సిందే. నేను అప్పుడే తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, రోజూ రైల్లో వెళ్ళి వస్తూ, ఇవన్నీ చాదస్తమని మనసులో అనుకుంటూ పైకి మాత్రం పాటిస్తూ ఉండేవాణ్ణి.

ఆ వేసవిలో ఒక లంకలో పూజ ముగించుకుని, పిలిచినవాళ్ళ మోటారుసైకిలు వెనక కూర్చుని వస్తున్నారు నాన్నగారు. చెరువుగట్టు దిగి తారురోడ్డు ఎక్కేచోట, చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్ళమీద బండి జారింది. నడిపినవాడికి మోకాలు గీరుకుపోయింది. వెనక కూర్చున్నాయన గడ్డం రోడ్డుకి కొట్టుకుంది. కింది దవడ విరిగిందన్నారు డాక్టరుగారు. పై పళ్ళనీ కింది పళ్ళనీ తీగలతో కలిపి బిగించి కట్టేశారు. ఎముక అతికేదాకా నోరు తెరవడానికి వీల్లేదు. అప్పటికి మా ఇంట్లో కొత్త ఆవకాయ కలిపి జాడీకి గుడ్డ కట్టి ఉంది. జాడీ తెరవాల్సిన రోజునే ఆయన నోరు మూతపడింది.

"పళ్ళూ, పాలూ, ఓట్సూ, జీడిపప్పూ అన్నీ కలిపి స్మూతీలాగా చేసి పట్టండమ్మా. బాగా మెత్తగా ఉండాలి. బలం తగ్గకూడదు," అన్నారు డాక్టరుగారు.

"స్మూతీ అంటే ఏమిటండీ?" అని అమ్మ.

"నమలక్కర్లేకుండా తాగేదండీ."

"జావన్నమాట."

"దాదాపు అంతేనండీ," అన్నారాయన, ఓటమి ఒప్పుకుంటున్నట్టు.

నాన్నగారికి ఎడమవైపు దవడపన్ను ఒకటి ఎప్పుడో ఊడింది. ఆ సందులోంచి ఒక స్ట్రా పట్టేది. ఆయన లోపలికి వెళ్ళడానికి తిండికున్న దారి అదొక్కటే (ఆ పన్ను మంచిరోజు చూసి పీకించుకున్నారు కాబట్టే ఇన్నేళ్ళకి అక్కరకొచ్చిందని మా అమ్మ నమ్మకం. నేను వాదించలేదు). మొదటిరోజు మా అమ్మ పెళ్ళినాటి మిక్సీలో సపోటాలూ జీడిపప్పూ పాలూ వేసి తిప్పింది. ఆ మిక్సీ ఇడ్లీ పిండి రుబ్బడంలో ఘనమైనదే గానీ, దాని దృష్టిలో మెత్తన అంటే పంటికింద కాస్త తగిలేలా ఉండటం. నాన్నగారు స్ట్రా పెట్టుకుని లాగారు. బుగ్గలు రెండూ లోపలికి పోయాయి. కళ్ళు పెద్దవయ్యాయి. జీడిపప్పు పలుకొకటి వచ్చి స్ట్రాలో అడ్డంగా కూర్చుంది. స్ట్రా మార్చాం. మళ్ళీ లాగారు. మళ్ళీ అడ్డం పడింది. అమ్మ గుడ్డలో వేసి వడగట్టింది. వడగడితే నీళ్ళు మిగిలాయి, వడగట్టకపోతే స్ట్రా మూసుకుపోయింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఉత్తరీయంతో మూతి తుడుచుకుని, మమ్మల్ని బాధపెట్టకూడదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ గ్లాసు విసిరికొట్టి ఉంటే నాకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

తరవాతి వారం డాక్టరుగారు ఆయన్ని బరువు తూచి, పెదవి విరిచి, "వారం ఆగి సోమవారం మళ్ళీ తూద్దాం. ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందండీ," అన్నారు. ఆ మాట వినగానే నాన్నగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఎప్పుడూ నన్ను చెయ్యిపట్టుకుని ఏదీ అడిగిన మనిషి కారు. తల అడ్డంగా ఊపారు, వద్దని. ఇంటికొచ్చాక అమ్మ నాతో అంది.

"ఈ మిక్సీతో పని జరగదురా. పక్కవాళ్ళమ్మాయి ఏదో బ్లెండరు అంటోంది, స్మూతీలకి అదేట. నీకు ఇంగ్లీషొచ్చు, కరెంటు సామాన్ల సంగతి తెలుసు. రేపొకటి చూసి పట్రా నాన్నా."

వేరే ఎవరికైనా అది ఒక సాయంత్రం పని. నాకు కాదు.

మర్నాడు సోమవారం. మా ఆఫీసులో రివ్యూల మాస్టారు అని ఒకాయన ఉండేవారు. పెంటపాడు నుంచి వచ్చేవారు. పళ్ళు తోముకునే బ్రష్షు కొనాలన్నా ముందు దాన్ని కొన్నవాళ్ళ అభిప్రాయాలన్నీ ఫోన్లో చదివేవారు. నేను వెళ్ళి "బ్లెండరు కొనాలండీ," అన్నానో లేదో ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మోటారు ఎన్ని వాట్లన్నారు. నిమిషానికి ఎన్ని చుట్లన్నారు. బ్లేడు నాలుగు రెక్కలదా ఆరు రెక్కలదా అన్నారు. జారు గాజుదైతే పగులుతుంది, ప్లాస్టిక్కైతే వాసన పడుతుంది, స్టీలుదైతే లోపల ఏం జరుగుతోందో కనపడదు అన్నారు. "తొందరపడి కొంటే జీవితాంతం బాధపడాలండీ," అని ముగించారు. సాయంత్రానికి నా బుర్రంతా వాట్లే. (వాళ్ళింట్లో ఏ బ్లెండరుందో అడుగుదామని ఆలస్యంగా తోచింది. ఆయన ఇంకా నిర్ణయించుకోలేదట. వాళ్ళావిడ అప్పటికీ పచ్చడి రుబ్బుకోవడానికి పక్కింటికే వెళ్తోందట. ఆ మాట విన్నప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.)

మంగళవారం మధ్యాహ్నానికి ఒకటి దాదాపు తేల్చుకుని ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ నాన్నగారిని అడిగింది. ఆయన మంచంమీద నుంచే చెయ్యి అడ్డంగా ఊపారట. మంగళవారం. బుధవారం ఆయన వేళ్ళ కణుపులమీద బొటనవేలు పరిగెత్తించి, మళ్ళీ చెయ్యి ఊపారు. అమావాస్య. పొట్టలోకి పోయేదేమీ లేక బట్టలు వదులైపోతున్న మనిషి, తన ఆకలికి అడ్డం తనే పడుతున్నారు. "ఏవండీ, వైద్యానికి దోషం ఉండదంటారు కదండీ!" అని అమ్మ బతిమాలింది. ఆయన అటు తిరిగి పడుకున్నారు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళకి చెప్పిన మాట, తన దాకా వచ్చేసరికి ఎలా సడలిస్తారు మరి?

గురువారం అడ్డేమీ లేదు. సాయంత్రం రైలు దిగి ఏలూరులో ఒక పెద్ద ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళాను. జేబులో స్ట్రా ఉంది, సంచీలో సపోటాలూ జీడిపప్పూ ఉన్నాయి. సేల్సు కుర్రాడు వరసగా బ్లెండర్లు చూపించాడు.

"ఇది ఐసు ముక్కల్ని కూడా పొడి చేసేస్తుందండీ."

"మాకు ఐసు వద్దండీ. ఇందులో సపోటా, జీడిపప్పూ వేసి చూపించండి. నానబెట్టనిది."

"డెమోకి అరటిపండే వేస్తామండీ."

"అరటిపండు చేత్తో పిసికినా స్ట్రాలోంచి వస్తుందండీ. సపోటాలూ జీడిపప్పూ నేను తెచ్చాను."

అతను మేనేజరు వంక చూశాడు. మేనేజరు కానివ్వమన్నట్టు తలూపాడు. రెండు మిషన్లు మిగిలాయి. ఒకటి పెద్దది, మోటారు బలమైనది. ఇంకోటి చిన్నది, జారే గ్లాసులాగా పనికొచ్చేది. రెంటిలోంచీ సపోటా జీడిపప్పు గుజ్జు స్ట్రాలో హాయిగా వచ్చింది. రెండూ పనికొస్తాయి. ఏదో ఒకటి తీసుకుని బయటపడాలి. నేను షాపు మధ్యలో నిలబడి, పెద్దదాని మోటారు కాలిపోతుందని ఎవరో రాసినదీ, చిన్నదాని మూత లీకవుతుందని ఇంకెవరో రాసినదీ చదువుతూ ఉండిపోయాను. లైట్లు ఆర్పుతున్నారు. "రేపు రండి సార్, స్ట్రా మాత్రం మర్చిపోకండి," అన్నాడు కుర్రాడు, వెనక ఎవరో నవ్వారు. రేపు శుక్రవారమని షట్టరు దింపాక గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి వట్టి చేతులు చూపించాను. నాన్నగారు నావైపు చూసి పరవాలేదన్నట్టు కళ్ళు మూసి తెరిచారు. ఆ ఒక్క చూపుకి నేను భూమిలోకి కూరుకుపోయాను.

శనివారం సాయంత్రం ఆఫీసునుంచి గూడెం స్టేషనుకి నడుస్తుంటే అమ్మ ఫోను.

"పొద్దుట్నుంచీ మజ్జిగ కూడా పుచ్చుకోలేదురా. గోడవైపు తిరిగి పడుకున్నారు. లేవమంటే లేవట్లేదు. నాకు భయంగా ఉంది నాన్నా."

ఎదురుగా కనిపించిన షాపులోకి దూరిపోయాను. స్మూతీ బ్లెండరు కావాలన్నాను. షాపాయన ఒక పెట్టె దింపాడు.

"వాట్లు ఎన్నో చూసుకోరాండీ?"

"వద్దండీ. తిరుగుతుందా?"

"తిరుగుతుందండీ!"

"చాలండీ."

వారమంతా చెయ్యలేని పని, రైలు కూత వినపడేలోగా అయిపోయింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. భీమడోలులో రైలు ఆగినప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ శనివారం. పెట్టెలో ఉన్నది ఇనుప బ్లేడు. (స్టీలు ఇనుము కాదని వాదించవచ్చు. నాన్నగారి ముందు ఎవరు వాదిస్తారు?) ఈ సంగతి తెలిస్తే ఆయన దీంతో చేసినదేదీ ముట్టరు. ముట్టకపోతే సోమవారం గొట్టం. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. మా అమ్మ ముప్ఫయ్యేళ్ళు పురోహితుడితో కాపురం చేసిన మనిషి, ఆ శాస్త్రాలన్నీ వింటూ వంట చేసిన మనిషి. ఉపాయం తనే చెప్పింది.

"వెనక సందులోంచి రా. మేడమెట్లు బయటినుంచే కదా. పైకెక్కితే గడప తొక్కినట్టు కాదు."

పెట్టెమీద తువ్వాలు కప్పి దొంగలా సందులోంచి వచ్చాను. మేడమీద గదిలో అప్పటికే అమ్మ ఉంది, బొంతలు రెండు తెచ్చి. చీకటి పడబోతోంది, గదంతా ఎండకి కాగి ఉడికిపోతోంది. నేను అరటిపళ్ళూ ఓట్సూ తీయబోతే అమ్మ నా చేతిమీద ఒక్కటి వేసింది.

"పళ్ళరసం తాగడానికి ఆయనేమన్నా జ్వరమొచ్చిన పిల్లాడా? అన్నం తిని ఎన్నాళ్ళయిందిరా ఆ మనిషి!"

కొంగు చాటునుంచి గిన్నె తీసింది. మెత్తగా ఉడికించిన అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఒక ఆవకాయ ముక్క. తీగలు ఒరుసుకుని నోట్లో పుండ్లు పడ్డాయి కాబట్టి కారం తగలకూడదని ఆ ముక్కని మంచినీళ్ళతో కడిగింది, ఎర్ర నూనె మాత్రం పూర్తిగా వదల్లేదు. ఆవకాయ ముక్కని కడగడం మా వంశంలో అదే మొదటిసారి. కడుగుతూ అమ్మ కళ్ళు తుడుచుకుంది, కారం వల్ల కాదు. టెంక తీసేసి అన్నీ జారులో వేసి, వేణ్ణీళ్ళు పోసి, పైన బొంతలు కప్పి, ఇద్దరం చెరో పక్కా అదిమిపట్టి స్విచ్చి వేశాం. బొంతల కిందనుంచి కూడా అది గదిని అదరగొట్టింది. నా పళ్ళు కటకటలాడాయి. కింద నాన్నగారి మంచం సరిగ్గా ఆ గది కిందే. మధ్యలో ఆపి అమ్మ కిందికెళ్ళి, "పక్కవాళ్ళు గోడకి చిల్లులు వేయిస్తున్నారండీ," అని చెప్పి వచ్చింది. మళ్ళీ తిప్పాం.

మూత తీస్తే లోపల కాషాయానికీ ఇటుకపొడికీ మధ్య రంగులో ఏదో ఉంది. చూడటానికి దారుణంగా ఉంది. నేను జేబులోంచి స్ట్రా తీసి లాగాను. ముద్దపప్పూ ఆవకాయ అన్నం స్ట్రాలోంచి సాఫీగా వచ్చి నాలుకమీద పడింది. రుచి మాత్రం మా ఇంటి రుచే. లోకంలోని ఏ రివ్యూలోనూ ఈ పరీక్ష ఎవరూ చేసి ఉండరు.

అమ్మ గ్లాసు పట్టుకుని కిందికెళ్ళింది. నేను గుమ్మం చాటున నిలబడ్డాను. "పాత మిక్సీలోనే వేసి, ఓపిగ్గా వడగట్టానండీ," అంది అమ్మ, ఇంకెటో చూస్తూ. నాన్నగారు లేచి కూర్చున్నారు. ఎలాగూ అడ్డం పడుతుందన్న నిరాశతోనే స్ట్రా సందులో పెట్టుకుని లాగారు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు తెరిచారు. ఆగారు. గ్లాసు వంక చూశారు. అమ్మ వంక చూశారు. ఒకసారి తలెత్తి పైకప్పు వంక చూశారు. ఆ తరవాత స్ట్రా వదల్లేదు. గ్లాసు అడుగున గురగుర చప్పుడయ్యేదాకా తాగి, ఖాళీ గ్లాసు అమ్మ చేతికిచ్చి, ఇంకొంచెం అన్నట్టు రెండు వేళ్ళు చూపించారు. నేను మేడమెట్లమీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడాల్సిందేమీ లేదు, వారమంతా ఆపుకున్నదే అది.

ఆదివారం పొద్దున్నే తువ్వాలు కప్పిన పెట్టెతో సందులోంచి బయటపడి, వీధి చివరిదాకా వెళ్ళి, తువ్వాలు తీసేసి, ఇప్పుడే కొన్నవాడిలా ముందు గుమ్మంలోంచి దర్జాగా వచ్చాను. అమ్మ గుమ్మం దగ్గర నీళ్ళు చల్లింది. పెట్టెలోంచి తీసి, పసుపు రాసి, నాన్నగారి ముందు పీటమీద పెట్టాం. ఆయన జారుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎంత తోమినా మూత అంచున ఒకచోట ఎర్రగా నూనె మరక ఉండిపోయింది. నేనూ అమ్మా ఒకేసారి చూశాం. నాన్నగారు కుంకుమ భరిణె అందుకుని, వేలితో కుంకుమ తీసి, సరిగ్గా ఆ మరకమీద బొట్టు పెట్టారు. దొరక్కుండా బయటపడ్డాం అనుకున్నాను. సోమవారం బరువు తూచిన డాక్టరుగారు గొట్టం మాట ఎత్తలేదు. ఆ వేసవంతా మా ఇంట్లో పప్పుచారన్నం స్మూతీ, దొండకాయ కూరన్నం స్మూతీ, పండగకి పులిహోర స్మూతీ కూడా అయ్యాయి (పులిహోర ఒక్కటే ఘోరం). తీగలు విప్పాక ఆయన గొంతు మళ్ళీ వీధి చివరికి వినపడింది. శనివారం సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మొన్నీమధ్య ఆదివారం నేను ఆయన దగ్గర కూర్చుని ఉండగా, కొల్లేటి వైపు నుంచి చెరువుల రైతొకాయన ఫోన్ చేశాడు. ఇప్పుడు నాన్నగారికి చెవులు కాస్త మందగించి స్పీకరు పెట్టుకుంటారు.

"పంతులుగారూ, శనివారం కొత్త మిక్సీ తెచ్చుకోవచ్చాండీ?"

"ఇంట్లో ఎవరన్నా ఆకలితో ఉన్నారా బాబూ?"

"లేదండీ. అందరూ శుభ్రంగా తిన్నారండీ."

"అయితే ఆదివారం తెచ్చుకో. శనివారం ఇనుము వద్దు."

ఆయన ఫోను పెట్టేశారు. నేను ఆయన దగ్గరికి జరిగి అడిగాను.

"ఒకవేళ ఎవరన్నా ఆకలితో ఉన్నారంటే ఏం చెబుతారండీ నాన్నగారూ?"

"మేడమెట్లు బయటినుంచి ఉన్నాయేమో చూసుకోమంటాను," అన్నారాయన, తమలపాకు ఈనె తీసుకుంటూ.

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. నేను "ఎప్పుడు తెలిసిందండీ?" అన్నాను.

"మొదటి గుక్కలోనే. అడిగితే మీరు చెప్పాలి, చెబితే నేను మానెయ్యాలి. ఆకలిగా ఉందిరా. ఊరుకున్నాను."

ఆ మిషను ఇప్పటికీ తిరుగుతోంది. మొన్న షుగరు వచ్చిందని నాకు డాక్టరు స్మూతీలు రాస్తే, అందులోనే కీరా, పాలకూరా వేసుకుని తాగుతున్నాను. అది ఎన్ని వాట్లో నాకు ఇవాళ్టిదాకా తెలియదు. భీమడోలు స్టేషన్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని, లోకమంతా తనని పట్టుకోబోతోందని వణికిపోయిన ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఆ ఆకుపచ్చ గ్లాసు పట్టుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటాను.